ఇంటర్ పాసైన పిల్లలకు ల్యాప్‌టాప్ కానుక: ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట దారిలోని కంప్యూటర్ దుకాణాల్లో ఒకే తీరు కుటుంబాలు కనిపిస్తుంటాయి. తండ్రి ఫోనులో బంధువెవరో పంపిన మోడల్ ఫొటో ఉంటుంది, తల్లి చూపు ధర చీటీ మీద ఉంటుంది, పిల్లవాడి చూపు మాత్రం ఎర్రదీపాల కీబోర్డున్న యంత్రం మీది నుంచి కదలదు. ముగ్గురూ అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఏది మంచిది?" దుకాణంలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ వారం ఏ మోడల్ స్టాకు ఎక్కువగా మిగిలి ఉన్నదో అదే మంచిదవుతుంది.

2019లో నేనూ అట్లాగే అడిగి, అట్లాగే కొన్నాను. మా పెద్దవాడికి మంచి మార్కులు వచ్చాయన్న సంతోషంలో, ఇంకా కౌన్సెలింగ్ మొదలు కాకముందే, గ్రాఫిక్స్ కార్డు (బొమ్మల పనికి విడిగా ఉండే చిప్) ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఒకటి ఇంటికి తెచ్చాను. కంప్యూటర్ సైన్స్ వస్తుందనుకున్నవాడికి సివిల్ వచ్చింది. కళాశాల ఊరి బయట, రోజూ బస్సు ప్రయాణం. యంత్రం రెండు కిలోల మూడు వందల గ్రాములు, దాని చార్జరు ఇటుకంత. నెల తిరగకముందే అది బల్ల మీది నుంచి లేవడం మానేసింది. మూడో ఏడాది భవనాల త్రీడీ నమూనాలు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవలసి వచ్చినప్పుడు ఆ గ్రాఫిక్స్ కార్డు నిజంగానే పనికి వచ్చింది కానీ, అప్పటికి బ్యాటరీ గంటసేపు కూడా నిలవడం లేదు, మూత తిప్పే హింజ్ ఒకవైపు విరిగి ఉంది. తప్పు యంత్రానిది కాదు. ఎవరికి, ఎక్కడ, ఏ పనికి అన్నది తేలకముందే కొన్న తొందర నాది. రెండేళ్ల తర్వాత చిన్నమ్మాయి వంతు వచ్చినప్పుడు నేను పాటించిన వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

బ్రాంచి తేలేదాకా ఆగండి

ఎప్‌సెట్ ఫలితాలు ముందే వచ్చినా సీటు ఖాయమయ్యేసరికి జూలై, ఒక్కోసారి ఆగస్టు అవుతుంది. విడతలవారీ కౌన్సెలింగ్ ముగిసిన తర్వాత కూడా అంతర్గత స్లైడింగ్ ఉంటుంది కనుక, ఈసీఈలో చేరిన విద్యార్థి అదే కళాశాలలో సీఎస్‌ఈకి మారడం మామూలే. ఎన్‌ఐటీ వరంగల్ వంటి సంస్థలకు జోసా, వైద్య విద్యకు నీట్, డిగ్రీకి దోస్త్, ఇలా ఏ దారిలో వెళ్లేవారైనా సీటు చేతికి వచ్చాక కొనడమే లాభం. కళాశాలలో చేరాక విద్యార్థి గుర్తింపు కార్డో, కళాశాల ఇచ్చే ఈమెయిలో ఉంటుంది. వాటిని చూపిస్తే కొన్ని కంపెనీలు విద్యార్థి ధరకు ఇస్తాయి. మొదటి సెమిస్టరులో ఉండే సీ ప్రోగ్రామింగుకూ, ఇంజినీరింగ్ గ్రాఫిక్సుకూ కళాశాల ల్యాబులే సరిపోతాయి, కాబట్టి నెల రోజుల ఆలస్యం వల్ల చదువుకు నష్టం లేదు.

ఈ ఆగడం ఇంట్లో తేలిక కాదని నాకు తెలుసు. పక్కింటి పిల్లవాడికి ఫలితాల రోజే కొనిపెట్టారంటే మన పిల్లల ముఖం చిన్నబోతుంది. మా అమ్మాయికి ఆ రోజు ఒక కవరులో "నీ బడ్జెట్ ఇంత, సీటు వచ్చిన రోజు ఇద్దరం కలిసి కొందాం" అని రాసి ఇచ్చాను. తర్వాతి రెండు నెలలు మోడళ్ల గురించి వెతికి, పట్టిక గీసి, నాకే పాఠం చెప్పింది. ఆ వెతుకులాట కూడా కానుకలో భాగమే అయింది.

బ్రాంచిని బట్టి అవసరం నిజంగానే మారుతుంది. సీఎస్‌ఈ, డేటా సైన్స్ వారికి ప్రాసెసర్ కంటే ముందు ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీ) కావాలి. ఫోను యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటరుతో (తెర మీద నడిచే నకలు ఫోను) కలిపి నడపాలన్నా, వర్చువల్ మెషిన్ (కంప్యూటరు లోపల నడిచే ఇంకో నకలు కంప్యూటరు) పెట్టుకోవాలన్నా 8 జీబీ ర్యామ్ ఊపిరాడనివ్వదు. ఈసీఈ వారికి లెక్కలకు మ్యాట్‌ల్యాబ్, చిప్ డిజైనుకు వివాడో వంటి సాఫ్ట్‌వేర్లు వస్తాయి. వీటిలో వివాడో మ్యాక్ మీద నడవదు. సివిల్, మెకానికల్ వారికి రెవిట్, స్టాడ్‌ప్రో, సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్ వంటివన్నీ విండోస్ సరుకు. పైగా త్రీడీ మోడళ్లు తిప్పేటప్పుడు విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఎంబీబీఎస్, బీఫార్మసీ, అగ్రికల్చర్ విద్యార్థులు ఎక్కువగా చేసేది పాఠాలు చూడడం, పీడీఎఫ్‌లు చదవడం, ప్రజెంటేషన్లు తయారు చేయడం. బీకాం వారికి ట్యాలీ, ఎక్సెల్. బీఏ తెలుగు చదివేవారికి ఏ యంత్రమైనా సరిపోతుంది. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంటుంది, సెట్టింగుల్లో దాన్ని చేర్చుకుంటే చాలు.

వేటిని బట్టి తూచాలి

ప్రకటనల్లో ప్రాసెసర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాలుగేళ్ల వాడకంలో ఇబ్బంది పెట్టేవి మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటాయి.

మొదటిది బరువూ, ప్లగ్గూ. విద్యార్థి హాస్టల్లో ఉంటాడా, రోజూ బస్సులో వెళ్లివస్తాడా అన్న ఒక్క ప్రశ్నతో సగం మోడళ్లు పక్కకు పోతాయి. పరకాల నుంచో జనగామ నుంచో వచ్చిపోయే విద్యార్థికి టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, రికార్డు పుస్తకాలతో పాటు రెండున్నర కిలోల యంత్రం మోయడం రెండు వారాల ముచ్చట. తరగతి గదిలో అరవై మందికి గోడ మీద రెండు ప్లగ్గులుంటాయి, అందులో ఒకటి పనిచేయదు. అందుకని బ్యాటరీ లెక్క మనమే వేసుకోవాలి. "పది గంటలు వస్తుంది" అన్న మాటను పక్కనపెట్టి, పెట్టె మీద వాట్-అవర్లు ఎన్నో చూడండి. మామూలు పలుచటి ల్యాప్‌టాప్ రాతపనికీ, బ్రౌజింగుకూ గంటకు సుమారు 7 వాట్-అవర్లు ఖర్చు చేస్తుందనుకుంటే 42 వాట్-అవర్ల బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది; రెండేళ్ల తర్వాత దాని సామర్థ్యం ఎనభై శాతానికి తగ్గితే ఐదు గంటలలోపే. అదే బ్యాటరీని గేమింగ్ యంత్రంలో పెడితే, ఏ ఆటా ఆడకపోయినా, మూడు గంటలు దాటడం కష్టం.

రెండోది ర్యామ్. ఈ రోజు నాలుగేళ్ల కోసం కొనేవారు 16 జీబీకి తగ్గవద్దన్నది నా గట్టి అభిప్రాయం. బడ్జెట్ అందకపోతే 8 జీబీతో కొని తర్వాత పెంచుకోవచ్చు కానీ, అందుకు లోపల ఖాళీ స్లాటు ఉండాలి. చాలా పలుచటి మోడళ్లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికిస్తున్నారు. దాన్ని ఎప్పటికీ మార్చలేము. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన యంత్రంలోనే దీన్ని తేల్చుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ నొక్కండి. కింద స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయి అన్నది కనిపిస్తుంది. ఫామ్ ఫ్యాక్టర్ అన్నచోట సోడిమ్ అని ఉంటే సాధారణంగా మార్చుకోదగినది, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించినది. నేను ఈ మీటలు నొక్కగానే అమ్మే కుర్రవాడి మాట తీరే మారిపోయింది. అంతకుముందు "పెంచుకోవచ్చు సార్" అన్నవాడు "అడిగి చెప్తా సార్" అన్నాడు.

నిల్వ సంగతి త్వరగా చెప్పేయవచ్చు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన నిల్వ) ఉండాలి, పాత తరహా హార్డ్ డిస్క్ ఉన్న యంత్రాన్ని ఎవరు ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

మూడోది సర్వీసు. వారంటీ కార్డులో ఆన్‌సైట్ అని ఉంటే మెకానిక్ ఇంటికో హాస్టలుకో వస్తాడు, క్యారీ-ఇన్ అని ఉంటే మనమే మోసుకుపోవాలి. క్యారీ-ఇన్ అయితే, ఏ ఊరికి మోయాలన్నది ముఖ్యం. కంపెనీ వెబ్‌సైటులో సర్వీస్ సెంటర్ వెతికేచోట హనుమకొండ పిన్‌కోడ్ 506001 కొట్టి చూడండి. పిల్లలు చదివే ఊరి పిన్‌కోడ్ కూడా కొట్టి చూడండి. దగ్గరి సెంటర్ హైదరాబాదులోనే ఉందని వస్తే, ప్రతి చిన్న మరమ్మతుకూ కాజీపేటలో రైలెక్కవలసిందే, యంత్రం అక్కడ వదిలి మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకోసారి వెళ్లవలసిందే. ఏడాది వారంటీని మూడేళ్లకు పెంచుకోవడం, కింద పడితే లేదా నీళ్లు ఒలికితే వర్తించే రక్షణ తీసుకోవడం హాస్టల్ పిల్లల విషయంలో వృథా ఖర్చు కాదని నా అనుభవం.

నాలుగోది మన ఎండ. యాపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. ఇతర కంపెనీల పరిమితులూ దీనికి దగ్గరగానే ఉంటాయి. రామగుండంలో, వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం నలభై దాటడం మనకు వింత కాదు. రేకుల గదిలోనో, పైఅంతస్తు హాస్టల్ గదిలోనో పరుపు మీద పెట్టుకుని వాడితే గాలి లోపలికి పోయే రంధ్రాలు మూసుకుపోయి, ఎంత ఖరీదైన ప్రాసెసరైనా తన వేగం తానే తగ్గించుకుంటుంది. కొనేటప్పుడు కింది భాగంలో రంధ్రాలు ఎక్కడున్నాయో, ఫ్యాను తుడుచుకోవడానికి మామూలు స్క్రూలతో తెరవవచ్చో లేదో చూసుకోవాలి.

ఎంపికలు పక్కపక్కన

కింది ధరలు అంచనాలే. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరగడంతో ఒకే మోడల్ ధర నెలకోరకంగా ఉంటున్నది. కాబట్టి అంకెలను కాక, వాటి మధ్య తేడాను గమనించండి.

| ఎంపిక | సుమారు ధర | బరువు | ఒక చార్జింగుతో | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| పలుచటి విండోస్ (16 జీబీ ర్యామ్, 512 జీబీ నిల్వ) | 55 నుంచి 70 వేలు | 1.4 నుంచి 1.7 కిలోలు | 5 నుంచి 7 గంటలు | భారీ త్రీడీ పనికి నెమ్మది |
| గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ | 70 వేల నుంచి లక్ష | 2.1 నుంచి 2.5 కిలోలు, చార్జరు వేరు | 2 నుంచి 4 గంటలు | బరువు, వేడి, ఫ్యాను చప్పుడు |
| మ్యాక్‌బుక్ ఎయిర్ | 90 వేల నుంచి లక్ష పైన | 1.24 కిలోలు | 12 గంటల పైన | కొన్ని ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు నడవవు |
| రిఫర్బిష్డ్ (వాడినదాన్ని సరిచేసి అమ్మే) ఆఫీసు ల్యాప్‌టాప్ | 20 నుంచి 32 వేలు | 1.5 నుంచి 1.8 కిలోలు | బ్యాటరీ స్థితిని బట్టి | వారంటీ తక్కువ |
| కీబోర్డుతో ట్యాబ్లెట్ | 25 వేల నుంచి పైకి | కిలో లోపే | 8 గంటల పైన | కోడింగుకూ, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లకూ కుదరదు |

పలుచటి విండోస్ ల్యాప్‌టాప్

ఎక్కువ మందికి ఇదే సరిపోతుంది, ఏ నిర్ణయానికీ రాలేకపోతున్నవారు దీని దగ్గరే ఆగవచ్చు. 14 అంగుళాల తెర రోజూ మోసేవారికి, 15.6 అంగుళాలది హాస్టల్ బల్ల మీద పెట్టుకునేవారికి అనుకూలం. జాగ్రత్త పడవలసింది ప్రాసెసర్ పేర్ల దగ్గర. ఐ7 అన్న రెండక్షరాలు చూసి డబ్బు కట్టేస్తాం కానీ, 10వ తరం ఐ7-1065జీ7లో ఉన్నవి నాలుగు కోర్లు (ప్రాసెసరులో ఒకేసారి పనిచేసే భాగాలు), 12వ తరం ఐ5-1235యూలో పది. ఏఎండీలో ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అన్న పేర్లలో తేడా ఒక్క అంకె. మొదటిది 2019 నాటి జెన్ 2 నిర్మాణంతో నాలుగు కోర్లది, రెండోది జెన్ 3 నిర్మాణంతో ఆరు కోర్లది. ఈ 7000 వరుసలో మూడో అంకె నిర్మాణ తరాన్ని చెబుతుంది. చివర యూ అక్షరం తక్కువ కరెంటు తీసుకునే రకానికి, హెచ్ ఎక్కువ శక్తిగల రకానికి గుర్తు. ఇప్పుడు ఇంటెల్ వారు "ఐ" తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అంటున్నారు. పేరు ఏదైనా పూర్తి మోడల్ సంఖ్య రాయించుకోకుండా ధర మాట్లాడవద్దు.

తెర విషయంలోనూ ఇదే కక్కుర్తి జరుగుతుంది. ధర తగ్గించడానికి కంపెనీలు మొదట కోత పెట్టేది తెరకే. 250 నిట్ల వెలుగు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగల రంగుల పరిధికి కొలత) రంగులు అని ఉంటే కిటికీ పక్క బెంచీలో అక్షరాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. 300 నిట్లు, ఆపైన ఉన్నది చూడండి. దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి కనుక, వీలైతే తలుపు దగ్గరికి తెచ్చి వెలుతురులో చూపించమనండి.

గేమింగ్ ల్యాప్‌టాప్

పిల్లలు అడిగేది ఇదే, దుకాణదారు చూపించేదీ ఇదే. సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ విద్యార్థి హాస్టల్లో ఉండి, గదిలోనే పని చేసుకుంటాడంటే దీనికి న్యాయమైన కారణం ఉంది. ఆర్‌టీఎక్స్ 3050, 4050 వంటి ఎన్విడియా కార్డులు త్రీడీ నమూనాలను తిప్పడంలో సాయపడతాయి. సీఎస్‌ఈలో ఏఐ తీసుకున్నవారికి కూడా ఇది తప్పదని చాలామంది చెబుతారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మొదటి రెండేళ్లలో చేసే చిన్న ప్రయోగాలకు బ్రౌజరులోనే కోడ్ నడిపే గూగుల్ కొల్యాబ్‌లో పరిమితంగానైనా ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) సరిపోతుంది, పెద్ద ఏఐ నమూనాలకు 6 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ కార్డు ఎటూ చాలదు. ఆటల కోసమే అడుగుతున్నట్టయితే ఆ మాట సూటిగా మాట్లాడుకుని, అదనపు ఇరవై వేలు చదువు పేర కాక సరదా పేర లెక్క రాసుకోవడం నిజాయితీ.

కొనేవారు 8 జీబీ ర్యామ్ ఉన్న గేమింగ్ యంత్రాన్ని తీసుకోవద్దు. మా ఇంట్లో జరిగింది అదే. కార్డుకు డబ్బు పెట్టి ర్యామ్‌కు పిసినారితనం చూపాను. ఈ తరహా యంత్రాల్లో సాధారణంగా రెండు స్లాట్లు ఉంటాయి కనుక తర్వాత ఇంకో 8 జీబీ వేయించగలిగాను. బరువుకు మాత్రం మందు లేదు.

మ్యాక్‌బుక్ ఎయిర్

2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ 13 అంగుళాల మోడల్ విడుదల ధర మన దేశంలో 99,900 రూపాయలు, విద్యార్థులకు 89,900. అందులో 16 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ వస్తాయి. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. ఉదయం చార్జింగ్ పెట్టి తీస్తే సాయంత్రం దాకా చార్జరు అక్కర లేదు. పాత ఎం1, 2020 నవంబరు నాటిది, ఇప్పటికీ మామూలు పనులు చకచకా చేస్తుంది కనుక నాలుగేళ్ల మన్నిక గురించి అనుమానం పెట్టుకోనక్కర లేదు. అమ్ముకున్నా మంచి ధర పలుకుతుంది.

సీఎస్‌ఈ వారికీ, బీఎస్సీ వారికీ, వైద్య విద్యార్థులకూ ఇది చక్కగా సరిపోతుంది. సివిల్, మెకానికల్ వారికి వద్దనే చెబుతాను. ఆటోక్యాడ్‌కు మ్యాక్ రూపం ఉన్నది కానీ, రెవిట్‌కూ సాలిడ్‌వర్క్స్‌కూ లేదు. ఇంకొక సంగతి: దీనిలో మెమరీ గానీ నిల్వ గానీ తర్వాత పెంచలేము, కాబట్టి 256 జీబీ సరిపోతుందా అన్నది కొనేరోజే ఆలోచించాలి. విడిగా రక్షణ తీసుకోకుండా తెర పగిలితే అయ్యే ఖర్చుకు మంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి వస్తుంది. డబ్బు అప్పు చేసి కొనే కుటుంబానికి దీన్ని నేను సిఫారసు చేయను; ఇంట్లో మిగతా ఫీజులు, హాస్టల్ ఖర్చులు తేలాక మిగిలిన డబ్బుతో కొనగలిగితే ఇది నిశ్చింత.

రిఫర్బిష్డ్: చిన్నచూపు అవసరం లేదు

కార్పొరేట్ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లను శుభ్రం చేసి, భాగాలు సరిచేసి అమ్ముతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అనేది, ఇలాంటి సరుకుకు పేరు. కానుకగా పాతది ఇవ్వడానికి మనసు ఒప్పదు కానీ, ఇరవై ఐదు వేలే ఉన్న ఇంట్లో అదే డబ్బుకు దొరికే కొత్త ల్యాప్‌టాప్ కంటే ఇది చాలా గట్టిది. ఆ ధరకు వచ్చే కొత్తవాటిలో సెలరాన్ వంటి బలహీనమైన ప్రాసెసరు, అతికించిన ర్యామ్, వంగిపోయే ప్లాస్టిక్ ఒళ్లు ఉంటాయి. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480ని ఉదాహరణగా తీసుకోండి: 8వ తరం ఐ5, ర్యామ్‌కు రెండు స్లాట్లు, రెండు బ్యాటరీలు, అందులో ఒకటి బయటి నుంచే ఊడదీసి మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక గీత దాటవద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరైతే 8వ తరం, ఆపైన ఉండాలి. "6వ తరం అయినా విండోస్ 11 వేసి ఇస్తాం" అని అంటారు. అడ్డదారిలో వేసిన దానికి అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేము. సెట్టింగుల్లో యాక్టివేషన్ దగ్గర డిజిటల్ లైసెన్స్ అని ఉందో లేదో చూడండి, మూడు నెలలకు తక్కువ కాకుండా రాతపూర్వక వారంటీ అడగండి, జీఎస్టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు. బ్యాటరీ కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకుంటే మంచిది.

ఇక ట్యాబ్లెట్ ఒక్క వైద్య విద్యార్థులకే అసలైన పోటీదారు. పెన్నుతో అనాటమీ బొమ్మల మీద నేరుగా రాసుకోవడం వారికి ఉపయోగపడుతుంది. ఇంజినీరింగ్ వారికి అది రెండో యంత్రమే తప్ప మొదటిది కాలేదు. విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్ మీద నడిచే క్రోమ్‌బుక్ సంగతీ అంతే.

ఎవరికి ఏది అని అడిగితే

రోజూ బస్సులో వచ్చిపోయే సీఎస్‌ఈ, ఈసీఈ విద్యార్థికి 14 అంగుళాల పలుచటి విండోస్, 16 జీబీతో. హాస్టల్లో ఉండే సివిల్, మెకానికల్ విద్యార్థికి గ్రాఫిక్స్ కార్డున్నది. అదే విద్యార్థి ఇంటి నుంచి వెళ్తుంటే మాత్రం మొదట పలుచటిది కొని, మూడో ఏడాది ప్రాజెక్టుకు ల్యాబును వాడుకోవడం మేలు. ఎంబీబీఎస్‌కు ట్యాబ్లెట్ లేదా తేలికపాటి ల్యాప్‌టాప్. డిగ్రీ విద్యార్థికి, ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీకి వెళ్తున్న కుటుంబానికి రిఫర్బిష్డ్. మా అమ్మాయికి ఈసీఈ వచ్చింది. కిలోన్నర విండోస్ ల్యాప్‌టాప్ కొన్నాం, నాలుగేళ్లూ ఒక్క ఎస్‌ఎస్‌డీ మార్పుతో గడిచింది.

దుకాణంలో, ఆన్‌లైన్లో

ఆన్‌లైన్లో ధర తక్కువగా ఉండవచ్చు, ముఖ్యంగా ఆగస్టు అమ్మకాల్లో, దసరా దీపావళి రోజుల్లో. అయినా ఒకసారి దుకాణంలో చేత్తో పట్టి చూడకుండా కొనవద్దు. మూతను ఒక్క వేలితో ఎత్తండి. కింది భాగం కూడా లేస్తే హింజ్ బిగువు ఎక్కువ, ప్లాస్టిక్ మీద బరువు పడుతుంది, ఏడాదిన్నరలో పగులు మొదలయ్యేది అక్కడే. కీబోర్డు నడిమధ్య గట్టిగా నొక్కితే చాప దిగినట్టు దిగితే లోపలి చట్రం బలహీనం. చార్జరును కూడా చేతిలోకి తీసుకోండి, మోసేది రెండింటినీ కదా. సీ టైపు పోర్టుతో చార్జింగ్ అయ్యే మోడల్ అయితే, హాస్టల్లో చార్జరు పోయిన రోజు స్నేహితుడిది వాడుకోవచ్చు.

ధర దగ్గర జీఎస్టీ 18 శాతం కలిపారా లేదా అడగండి. "వడ్డీ లేని ఈఎంఐ" అన్నదాంట్లో వడ్డీని తగ్గింపుగా చూపిస్తారు కానీ, క్రెడిట్ కార్డు మీద ఆ వడ్డీకి జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మనమే కట్టాలి. మొత్తం ఎంతవుతుందో కాగితం మీద వేయించుకోండి. ఉచితంగా ఇచ్చే బ్యాగు, మౌసు, స్పీకరు చూసి మోడల్ మార్చుకోవద్దు. వాటి బదులు వారంటీ పెంచి ఇమ్మంటే చాలాసార్లు ఎంతో కొంత దిగివస్తారు. స్థానిక దుకాణంలో వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా నేను అక్కడే కొన్నాను, మొదటి నెలలో కీబోర్డు మీట ఒకటి పనిచేయనప్పుడు స్కూటరు మీద వెళ్లి చూపించగలిగాను.

ఇంటికి తెచ్చాక పెట్టె విప్పడం మొదలుకొని ఆన్ అయ్యేదాకా ఫోనులో వీడియో తీయండి. ఆన్‌లైన్లో కొన్నవారు వెనక్కి పంపే గడువు ఎన్ని రోజులో చూసి, ఆ లోపలే తెర మీద వెలగని చుక్కలున్నాయేమో తెల్లటి, నల్లటి పేజీలు తెరిచి చూడాలి. కెమెరా, మైకు, ప్రతి పోర్టూ పరీక్షించాలి. సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో సరిచూడండి. దుకాణంలో ఆరు నెలలు నిల్వ ఉన్న సరుకుకు కొన్నిసార్లు వారంటీ అప్పటి నుంచే నడుస్తుంటుంది, బిల్లు పంపితే తేదీ సరిచేస్తారు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా ఉరుములు మెరుపులు మొదలైతే చార్జరు ప్లగ్గు తీసేయమని పిల్లలకు చెప్పండి. దుకాణం బిల్లు మెరిసే థర్మల్ కాగితం మీద ఉంటే ఎండకు ఏడాదిలోగా అక్షరాలు మాసిపోతాయి. ఆ రోజే ఫొటో తీసి పిల్లల ఈమెయిలుకూ, మీ ఈమెయిలుకూ పంపి ఉంచండి.